బోర్డు వెలిగింది సరే, పాఠం ఎవరి కోసం?

(ఒక ఛాత్రోపాధ్యాయురాలు)



ఈసారి మన గోడ పత్రికకు సైన్సు వ్యాసం ఒకటి కావాలని సంపాదక వర్గం పిల్లలు అడిగారు. "ఎనిమిదో తరగతి గదిలో పెట్టిన పెద్ద టీవీ గురించి రాయండి అక్కా" అని విషయం కూడా వాళ్ళే చెప్పేశారు. నేను డీఎల్‌ఎడ్ రెండో సంవత్సరం చదువుతూ బోధనాభ్యాసం కోసం ఈ ఆశ్రమ పాఠశాలకు వచ్చినదాన్ని. రేపు ఎక్కడో ఒక గూడెం బడిలో టీచరునవుతాను. కాబట్టి ఆ టీవీ ఎట్లా పనిచేస్తుందో చెప్పి ఊరుకోను. దాన్ని ఎప్పుడు వెలిగించాలి, ఎప్పుడు ఆర్పాలి అని నాలో నేను ఆలోచించుకుంటున్నది కూడా రాస్తాను. కాస్త ఓపికగా నిలబడి చదవండి.

మొదట, అది టీవీ కాదు. దాన్ని ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెల్ అంటారు. లోపల ఒక కంప్యూటరు ఉంటుంది. మీరు తెర మీద వేలు పెట్టగానే గీత ఎట్లా పడుతుందో ఎప్పుడైనా ఆలోచించారా? తెర చుట్టూ ఉన్న నల్లటి చట్రంలో చిన్న చిన్న దీపాలు వరుసగా ఉంటాయి. వాటి వెలుగు మన కంటికి కనపడదు. అది పరారుణ కాంతి. టీవీ రిమోటు నుంచి వచ్చేది కూడా అదే. ఒక అంచున బయల్దేరిన కిరణం ఎదుటి అంచుకు చేరుతుంటుంది. అడ్డంగా కొన్ని, నిలువుగా కొన్ని. తెర మీద కనపడని చేపల వల పరిచినట్టు అనుకోండి. మీ వేలు తగిలిన చోట ఒక అడ్డ కిరణం, ఒక నిలువు కిరణం ఆగిపోతాయి. అవి ఎక్కడ ఆగాయో లెక్కగట్టి "వేలు ఇక్కడుంది" అని కంప్యూటరు కనిపెడుతుంది. అందుకే పుల్లతో తాకినా ఈ తెర పలుకుతుంది. ఫోను తెర అట్లా పలకదు, అది వేలికున్న విద్యుత్ గుణాన్ని బట్టి పనిచేస్తుంది. అన్ని ప్యానెళ్ళూ ఒకే రకం కాదు గానీ బడుల్లో ఎక్కువగా కనిపించేవి ఈ కిరణాల రకమే. సుద్దపొడి చట్రంలో పేరుకుంటే కిరణాలు ఆగి, ఎవరూ ముట్టకుండానే గీతలు పడతాయి. దయ్యం పట్టిందని నవ్వకండి. కరెంటు ఆపి పొడిగుడ్డతో తుడిస్తే చాలు.

ఇప్పుడొక లెక్క. మన ఎనిమిదో తరగతిలో 42 మంది. పీరియడు 45 నిమిషాలు. ఒక్కొక్కరు ఒక్క నిమిషం తెర ముందుకొచ్చి లెక్క చేస్తే 42 నిమిషాలు అక్కడే అయిపోతాయి. ఒక్కొక్కరు లెక్క చేసింది మాత్రం ఒక్క నిమిషం, మిగతా 41 నిమిషాలు చేతులు కట్టుకుని కూర్చున్నట్టే. అదే 42 పలకలుంటే? 45 నిమిషాలూ అందరి చేతులూ ఆడతాయి. ప్యానెల్ మీద ఇద్దరు ముగ్గురు ఒకేసారి రాయొచ్చు గానీ లెక్క పెద్దగా మారదు. అంటే ప్యానెల్ చూపించడానికి మంచిది, చేయించడానికి పలక మంచిది. పలక ముందు పుట్టింది కాబట్టి పాతబడిందనుకోవడం తొందరపాటు.

ఈ లెక్క చేసుకున్నాక నేను ఒక ప్రశ్న పట్టుకున్నాను. స్విచ్ వెయ్యబోయే ముందు "ఇది ఎవరి కోసం?" అని అడగాలి. పిల్లల కోసమా, నా అలసట కోసమా, పైనుంచి తనిఖీకి వచ్చే వాళ్ళు చూసి మెచ్చుకోవడం కోసమా? యునెస్కో 2023లో చదువులో సాంకేతికం మీద ఒక పెద్ద నివేదిక వేసింది. ఈ పనిముట్టు ఎవరి షరతుల మీద నడుస్తోంది అన్న ప్రశ్ననే దానికి పేరులో పెట్టింది. పెద్దవాళ్ళు ప్రపంచం మొత్తానికి అడిగిన ప్రశ్నను నేను ఒక్క తరగతి గదికి అడుగుతున్నాను, అంతే.

పిల్లల కోసమే అయితే వెలిగించాల్సిన సందర్భాలు చాలా ఉన్నాయి. కొట్టుకునే గుండెను లోపలి నుంచి చూడటం. సముద్రం చూడని పిల్లలకు సముద్రం. పది రోజుల్లో మొలకెత్తే గింజను ఒక్క నిమిషంలో మొలకెత్తించి చూపడం. ఇవి నేను సుద్దముక్కతో ఎంత గీసినా రావు. అయితే పరాగ సంపర్కం పాఠానికి ఎక్కడిదో తోటలోని గులాబీ వీడియో ఎందుకు? కిటికీ అవతల ఇప్పచెట్టు ఉంది. ఇప్పపువ్వు ఎండాకాలం మొదట్లో రాత్రి పూట విచ్చి తెల్లారేసరికి రాలుతుందని, దాని కోసం గబ్బిలాలు వస్తాయని మీకు తెలుసు. పుప్పొడిని ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు మోసేది ఆ గబ్బిలాలేనని పుస్తకం చెప్తుంది. మీకు తెలిసిన సగానికి పుస్తకంలోని సగం అతికితే పాఠం పూర్తయింది. అక్కడ కరెంటుతో పనేముంది?

ఇక భాష సంగతి. ఇది కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే యంత్రం దగ్గర నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం ఇక్కడే.

నాలుగో తరగతిలో ఒక కథ వీడియో వేశాను. వాన కురిసింది, ఏరు పొంగింది, మేకపిల్ల అవతలి గట్టున చిక్కుకుంది. బొమ్మలు బాగున్నాయి, పాట బాగుంది, పిల్లలు చప్పట్లు కొట్టారు. చివర్లో ప్రశ్న వచ్చింది: మేకపిల్ల ఎందుకు రాలేకపోయింది? ముందు వరుసలో కూర్చున్న ఒక పాప పరుగున వచ్చి సరైన గడిని తాకింది. పచ్చ దీపం వెలిగింది, గంట మోగింది. యంత్రం లెక్క ప్రకారం తరగతికి పాఠం వచ్చేసినట్టే. నేను ప్యానెల్ ఆర్పి, కథలో ఏం జరిగిందో పలక మీద బొమ్మ గీయమన్నాను. వెనక వరుసలో ముగ్గురు గోండు పిల్లలు మూడు రాళ్ళ పొయ్యి గీశారు, దాని మీద కుండ, కుండలోంచి నీళ్ళు పొంగిపోతున్నాయి. పక్కన ఎక్కడో మేకపిల్ల.

"ఇదేంట్రా, పొయ్యి ఎక్కడిది కథలో?" అన్నాను.

"ఏర్ పొంగింది అన్నది కదా టీచర్!" అన్నాడు ఒకడు, నాకే తెలియదన్నట్టు.

గోండీలో ఏర్ అంటే నీళ్ళు. తెలుగులో ఏరు అంటే వాగు. వాడి చెవికి పడింది "నీళ్ళు పొంగాయి" అని. వాడి లెక్కలో నీళ్ళు పొంగేది పొయ్యి మీదనే కదా! తెర మీద వాగు కనిపించలేదా అని మీరు అడగొచ్చు. కనిపించింది. కానీ బొమ్మ రెండు క్షణాలుండి పోయింది, మాట చెవిలో నిలబడింది. పిల్లవాడు మాటనే నమ్మాడు. వాడి తెలివి ఎక్కడా తప్పలేదు, రెండు భాషల మధ్య ఉన్న దారి వాడికి ఎవరూ చూపలేదు. ఆ పూట నల్లబల్ల మీద నీళ్ళకు గోండీలో ఏర్, కొలామీలో ఈర్, లంబాడీలో పాణి, తెలుగులో నీళ్ళు అని రాశాం. పక్కనే ఏరు, వాగు, నది. కొలాం పిల్ల ఒకతి రోజూ నోరు విప్పనిది, ఆ రోజు "ఈర్" అని లేచి నిలబడి చెప్పింది.

వీడియో ఎవరి తప్పూ కాదు. దాన్ని తయారు చేసినవాళ్ళు తెలుగు ఇంట్లో పెరిగిన పిల్లవాడిని మనసులో పెట్టుకుని చేశారు. కాని తెరకు వెనక వరుస కనపడదు. నుదురు ముడిపడటం కనపడదు. అది చూడాల్సింది అక్కడ నిలబడ్డ మనిషి. ప్యానెల్ వేసి కుర్చీలో కూర్చుని రిజిస్టర్లు రాసుకుంటే ఆ మూడు పొయ్యిలు ఎవరికీ కనపడేవి కావు. పచ్చ దీపమే మిగిలేది.

ఈ సంగతి మన ప్రాంతంలో కొత్తది కాదు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగిన తర్వాత, గోండుల స్థితిగతులు తెలుసుకునే పనిని నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్తకు అప్పగించింది. ఆయన మార్లవాయిలో ఉండి, 1943లో అక్కడ గోండు పిల్లలకు చదువు మొదలుపెట్టించారు. బయటి నుంచి పంతుళ్ళను తేకుండా గోండు యువకులకే శిక్షణ ఇచ్చి టీచర్లను చేశారు. దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు అచ్చు వేయించారు. ఆ రోజుల్లో వాళ్ళ చేతిలోని సాంకేతికం అచ్చు పుస్తకం, గోడకు వేలాడే చార్టు. అంతే. కానీ పిల్లవాడి నోట్లో ఉన్న మాటతో మొదలైంది. మన చేతిలో ఇప్పుడు ప్యానెల్ ఉంది, మొదలు మాత్రం పరాయి మాటతో అవుతోంది. ఏది ముందుకు, ఏది వెనక్కు?

యంత్రాలు బడికి రావడం, పోవడం కూడా కొత్త కాదు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా మన దేశంలో సైట్ అనే ఉపగ్రహ ప్రయోగం జరిగింది. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు అమెరికా వారి ఉపగ్రహం ద్వారా టీవీ కార్యక్రమాలు వచ్చాయి. పొద్దున పిల్లలకు బడి పాఠాలు, సాయంత్రం పెద్దలకు వ్యవసాయం, ఆరోగ్యం. గొప్ప ప్రయత్నమే. కానీ ఉపగ్రహం ఎరువు తెచ్చుకున్నది, ఏడాది కాగానే తిరిగి ఇచ్చేయాల్సి వచ్చింది. ఎరువు సొమ్ము మీద ఇల్లు కట్టుకోవద్దని మా అవ్వ అంటుంది. కరోనా కాలంలో, 2020 సెప్టెంబరు 1 నుంచి మన రాష్ట్రంలో యాదగిరి దూరదర్శన్‌లో, టీశాట్‌లో పాఠాలు వచ్చాయి. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. మా గూడెంలో డిష్ ఉన్న ఇల్లు ఒక్కటే, వాకిట్లో కూర్చున్నది ఇరవై మందిమి. వాన పడితే బొమ్మ పోయేది. మా సారు వారానికోసారి బండి మీద వచ్చి నోటు పుస్తకాలు దిద్ది పోయేవారు. టీవీలో చెప్పిన పాఠాలు ఒక్కటీ గుర్తు లేవు. ఆయన ఎర్ర సిరాతో రాసిన మాటలు గుర్తున్నాయి.

పాఠ్యపుస్తకాల్లో నల్ల చుక్కల చతురస్రం ఉంటుంది కదా, క్యూఆర్ కోడ్. కారు విడిభాగాలను గుర్తు పట్టడానికి 1994లో జపాన్‌లో కనిపెట్టారు. మూలల్లోని మూడు పెద్ద గళ్ళు, ఏ పక్క తిప్పి పట్టుకున్నా పైది ఏదో కిందది ఏదో ఫోనుకు చెప్పడానికి. పుస్తకంలోని ఆ కోడ్ లోపల పాఠం ఉండదు, పాఠం ఉన్న చోటి చిరునామా మాత్రమే ఉంటుంది. సిగ్నల్ లేని చోట చిరునామా చేతిలో ఉండి ఏం లాభం? కనుక టీచరు ఉట్నూరు వెళ్ళినప్పుడే కావలసిన పాఠాలు దించుకుని పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోవాలి. ప్యానెల్‌కు నెట్ లేకపోయినా పెన్‌డ్రైవ్ చాలు. ఇక అంగడిలో స్తంభానికో బస్సు వెనకో అంటించిన కోడ్‌ను కుతూహలం కొద్దీ స్కాన్ చెయ్యొద్దు. అది కూడా చిరునామానే, ఎవరి ఇంటిదో తెలియదు.

తర్వాత ఏఐ. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చినప్పటి నుంచి ఈ మాట అందరి నోటా ఉంది. మీలో కొందరు సెలవుల్లో అన్నల ఫోన్లలో చూసే ఉంటారు. అది ఎట్లా పనిచేస్తుంది? నేను "ఇప్ప" అనగానే మీరు "పువ్వు" అంటారు. ఎన్నోసార్లు విన్నారు కాబట్టి తర్వాతి మాట మీ నోటికి వచ్చేసింది. ఏఐ కూడా కోట్ల పేజీలు చదివి, ఒక మాట తర్వాత ఏ మాట వచ్చే వీలు ఎక్కువో ఊహిస్తూ పోతుంది. చాలాసార్లు సరిగ్గానే వస్తుంది. తెలియనప్పుడు కూడా అదే ధీమాతో చెప్తుంది, అదీ చిక్కు. తాను చదివినది ఎక్కడ తక్కువో అక్కడ ఊహ ఎక్కువవుతుంది. ఇంటర్నెట్‌లో గోండీ రాత చాలా కొద్ది. గుంజాల గోండి అక్షరాలకు యూనికోడ్‌లో చోటు దొరికిందే 2018లో. నేను ఒక ఏఐని పది గోండీ మాటలు అడిగితే, కొన్నిటికి హిందీ మాటలనే కొంచెం తిప్పి ఇచ్చింది. మా అమ్మ విని పగలబడి నవ్వింది. తెలియని టీచరు అయితే అవే నల్లబల్ల మీద రాసి, ఇది మీ భాషే అని మన పిల్లలకే నేర్పేవాడు.

అయినా నేను ఏఐని వాడతాను. అంగడి ధరలతో లెక్కల ప్రశ్నలు ఇరవై కావాలంటే క్షణంలో ఇస్తుంది. వాటిని ఒక్కొక్కటీ నేను చేసి చూసుకుంటాను. మొన్న ఇచ్చిన ఇరవైలో రెండు తప్పు. మీకు మాత్రం ఒక మాట. "మా ఊరి దండారి" అని వ్యాసం రాయమంటే ఏఐతో రాయించకండి. మీ ఊరి గుస్సాడీల నెమలి ఈకల టోపీ ఎవరు కట్టారో, మీ తాత ఏ అడుగు తప్పితే కోప్పడ్డాడో దానికి తెలియదు. దండారి అని పేరు పెట్టి ఎక్కడి పండుగనో రాసి ఇస్తుంది.

చివరగా ఫోటోల సంగతి. వార్డెన్ గారూ, సార్లూ దీన్ని నా మీద కోపం లేకుండా చదవాలని మనవి.

ఈ రోజుల్లో బడిలో ఏం జరిగినా ఫోటో తీయాలి. అన్నం పెడితే ఫోటో, మొక్క నాటితే ఫోటో, ప్యానెల్ వెలిగిస్తే ఫోటో. కొన్ని పైనుంచి అడుగుతారు, టీచరు ఏం చేస్తాడు, పంపాల్సిందే. కానీ అడగనివి కూడా స్టేటస్‌లో, గ్రూపుల్లో పెడుతుంటాం. ఫోను తీసే ఫోటోలో బొమ్మతో పాటు తేదీ, సమయం నిక్షిప్తమై ఉంటాయి. లొకేషన్ ఆన్‌లో ఉంటే ఏ చోట తీశారో కూడా. ఫైలు ఉన్నది ఉన్నట్టు పంపితే అవతలివాళ్ళకు ఇవన్నీ తెలుస్తాయి. ఒకసారి గ్రూపులో పడ్డ ఫోటోను వెనక్కు తీసుకున్నా, అప్పటికే ఎవరు దాచుకున్నారో మనకు తెలియదు. ఆడపిల్లల హాస్టల్ విషయంలో ఇది చిన్న సంగతి కాదు.

ఫోటో కన్నా పెద్ద ప్రమాదం జాబితాలు. సికిల్ సెల్ రక్తహీనతను నిర్మూలించడానికి కేంద్ర ప్రభుత్వం 2023 జులై 1న ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ళ లోపు వాళ్ళందరికీ పరీక్షలు చేయాలన్నది దాని ఉద్దేశం. మంచి పని, తప్పకుండా చేయించుకోవాలి. తల్లిదండ్రులిద్దరూ ఈ లక్షణాన్ని మోస్తుంటే పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు జబ్బు వచ్చే వీలుంది, ముందే తెలిస్తే జాగ్రత్త పడొచ్చు. కానీ అనుకుందాం, ఒక బడిలో పరీక్షలయ్యాయి, ఫలితాల కాగితాన్ని ఎవరో ఫోటో తీసి "సమాచారం నిమిత్తం" అని వంద మంది ఉన్న గ్రూపులో పెట్టారు. పేరు, తరగతి, గూడెం, ఎదురుగా ఫలితం. ఆ పాపకు ఇప్పుడు పన్నెండేళ్ళు. ఎనిమిదేళ్ళ తర్వాత పెళ్ళి మాటల్లో ఎవరో ఫోను తీసి ఆ కాగితం చూపిస్తారు. లక్షణం మోయడం వేరు, జబ్బు ఉండటం వేరు అని అక్కడ ఎవరు వివరిస్తారు? ఆ పాప చెయ్యని తప్పుకు జీవితమంతా జవాబు చెప్పుకోవాలి. ఇదంతా ఒక్క వేలి తాకిడితో.

చట్టం కూడా వచ్చింది. 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చేశారు. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, అమలు దశలవారీగా అన్నారు. 18 ఏళ్ళ లోపు వాళ్ళందరూ అందులో పిల్లలే. వాళ్ళ సమాచారం వాడుకోవాలంటే తల్లి గానీ తండ్రి గానీ ఒప్పుకోవాలి, ఆ ఒప్పుదల నిజమైనదని తేల్చుకోవాలి. మినహాయింపులు కొన్ని ఉన్నాయి. ఒప్పుదల అంటే మన దగ్గర ఏమవుతుంది? అడ్మిషన్ రోజున కాగితాల మధ్య ఇంకో కాగితం పెట్టి వేలిముద్ర వేయించుకుంటారు. చట్టానికి అది చాలునేమో, నాకు చాలదు. ఆ అమ్మకు తన భాషలో "మీ బిడ్డ ఫోటో ఇక్కడ పెడతాం, వీళ్ళు చూస్తారు, వద్దంటే మానేస్తాం" అని చెప్పాలి. వద్దంటే నిజంగా మానేయాలి.

నేను టీచరునయ్యాక పెట్టుకున్న పద్ధతి ఇది. అన్నం ఫోటో కావాలంటే కంచం తీస్తాను, ముఖం తీయను. లెక్క ఫోటో కావాలంటే పలక తీస్తాను. తరగతి ఫోటో తప్పదంటే వెనక నుంచి. పిల్లల పేరు, ఆధార్, మార్కులు, జబ్బు ఏదీ ఏఐలో టైపు చేయను. "నాలుగో తరగతి పిల్లవాడు ఒకడు కూడిక చేస్తాడు, అప్పు తీసుకునే తీసివేతలో తడబడతాడు" అంటే సలహా వస్తుంది, పేరు అవసరమే లేదు.

అట్లాగని ఫోనును పెట్టెలో పెట్టి తాళం వేయమనను. దానితో చేయాల్సిన పని ఒకటుంది. గుస్సాడీ గురువు, పద్మశ్రీ కనకరాజు గారిది మార్లవాయే. 2024 అక్టోబరులో ఆయన కన్నుమూశారు. ఆయన నాట్యాన్ని ఎందరో రికార్డు చేశారు గనుక కనీసం చూడటానికి మిగిలింది. మన గూడేల్లో రికార్డు కాని అవ్వలు, తాతలు ఎంతమంది? దసరా సెలవులకు వెళ్ళినప్పుడు అవ్వను అడిగి, ఆమె సరేనంటేనే, ఒక్క కథ ఆమె భాషలో రికార్డు చేసి తెండి. ఎక్కడా పోస్టు చెయ్యొద్దు. పెన్‌డ్రైవ్‌లో పెట్టి లైబ్రరీ బీరువాలో ఉంచుదాం. నాలుగో తరగతికి ప్యానెల్ మీద ముందు అది వినిపించి, తర్వాత తెలుగు కథ వేస్తాను. బీరువా తాళం లైబ్రరీ సారు దగ్గర ఉంటుంది, ఆయనను అడిగాను, ఒప్పుకున్నారు.

నీళ్ళతో మొదలైన మాటల పట్టికలో ఇప్పటికి 64 మాటలయ్యాయి. గోండీ, లంబాడీ గళ్ళు నిండాయి. కొలామీ గడిలో ఇంకా 23 ఖాళీలున్నాయి. ఈ వ్యాసం కింద తెల్లకాగితం అంటించి, దారానికి పెన్సిలు కట్టాను. కొలామీ వచ్చినవాళ్ళు శనివారం లోగా రాయండి. పెన్సిలు ఎత్తుకుపోకండి, మూడోది ఇది.